నైరుతి మూల తలుపు

చెక్కతో ఆరంతస్తుల బిల్డింగ్ అనగానే మా చేవెళ్లలో నవ్వినవాళ్లే ఎక్కువ. "ఒక్క అగ్గిపుల్ల చాలు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. పొయ్యిలో పెద్ద మొద్దు పెట్టి చూడండి, పైపైన బొగ్గవుతుంది గానీ లోపలి కట్టె అంత తొందరగా అంటుకోదు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. పలకల మీద పలకలు జిగురుతో అతికించి చేసిన ఆ దూలాలూ అంతే. మంట వచ్చినా మనుషులు దిగిపోయేదాకా నిలబడతాయి. దిగడానికి దారి ఉండాలి. ఆ దారులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం.

మొయినాబాద్ దాటాక శంకర్‌పల్లి వెళ్లే రోడ్డు పక్కన ఆ బిల్డింగ్ లేచింది, దొంతన్‌పల్లి వైపు చదువుకునే ఆడపిల్లలకు హాస్టల్‌గా. కట్టించింది చేవెళ్ల సేటు ఒకాయన. మా బాపు వడ్రంగి. ముప్పై ఏళ్లుగా సేటు ఏ దుకాణం కట్టినా తలుపులు, అల్మారాలు బాపు చేతివే. ఇక్కడ కూడా తలుపుల పని బాపుదే. ఈ సంగతి తనిఖీకి ముందే ఆఫీసులో చెప్పాలి. చెబితే ఇంకొకరిని పంపేవారు. నేను చెప్పలేదు. బాపు పని నా కళ్లతో చూసి, బాగుందని నా చేత్తో రాయాలనిపించింది. ఆ ఆశే నన్ను ఇరికించింది.

రెండు రోజులు వంక పెట్టడానికేమీ దొరకలేదు. దూలమూ స్తంభమూ కలిసే చోట ఇనుప ప్లేట్లు మంట తగలకుండా చెక్క లోపల దాగి ఉన్నాయి. తేమ మీటరు సూదులు గుచ్చిన ప్రతి చోటా చెక్క పొడిగానే ఉంది. సేటు మాత్రం రోజూ ఒకే మాట అనేవాడు. "సంతకం మన ఇంట్లనే ఉన్నది, నాకేం ఫికర్ బిడ్డా!" నేను నవ్వేదాన్ని. నవ్వాక నా మీద నాకే కోపం వచ్చేది, అయినా మర్నాడు మళ్లీ నవ్వేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నానికి రెండో మెట్లదారి ఒక్కటే మిగిలింది. బిల్డింగ్ నక్షలో అది నైరుతి మూలన ఉంది. ముందువైపు మెట్లు పొగతో నిండితే పిల్లలు వీటి మీదుగా దిగి నేరుగా బయటికి పోవాలి. ఫోను చార్జింగ్‌కు పెట్టి, టార్చి పట్టుకుని ఆరో అంతస్తు నుంచి మెట్లలోకి అడుగుపెట్టాను. తలుపు దానంతట అదే మూసుకుంది. పొగ రాకుండా అలా మూసుకోవాల్సిందే. మెట్ల వైపు హ్యాండిల్ మాత్రం ఇంకా బిగించలేదు. కింది తలుపు నుంచి బయటపడతానుగా అనుకుని దిగాను. ప్రతి అంతస్తులోనూ అదే సంగతి, హ్యాండిల్ లేని తలుపు.

కింది తలుపుకున్న అడ్డపట్టీ నొక్కితే గడియ కదిలింది. తలుపు కదల్లేదు. భుజంతో తోశాను, కాలితో తన్నాను. పొద్దున బిల్డింగ్ చుట్టూ తిరిగినప్పుడు ఆ మూలన నాకు తలుపే కనబడలేదని అప్పుడు తట్టింది. అతుకు కూడా తెలియనంత నున్నగా గోడ ఉంది. నక్ష విప్పి చూసుకోకుండా ముందుకు నడిచిపోయాను. రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టాను.

"ఎవరు లోపట?" బయట ఎవరిదో గొంతు. బాపుదే.

"నేను బాపూ. తలుపు తియ్యి."

"అండ్లకు ఎట్ల పోయినవు బిడ్డా? దానికి బయటికెల్లి పలక కొట్టిన. నైరుతిల తలుపు ఉండొద్దని పంతులు చెప్పిండట. సేటు మూసెయ్యమన్నడు."

"విప్పు మరి."

"ఆగు, ముందలికెల్లి తీపిస్త." వెళ్లి, రొప్పుతూ వచ్చాడు. "నువ్వు పోయినవనుకొని సూపర్వైజర్ తాళం వేసి శంకర్‌పల్లి పోయిండు."

ఇంతలో సేటు వచ్చాడు. పలక అవతల నుంచి ఆయన గొంతు నిమ్మళంగా వినబడింది. "జర ఓపిక పట్టు బిడ్డా. ఇప్పుడు వర్జ్యం నడుస్తున్నది. గిట్లాంటప్పుడు నైరుతి తలుపు తెరిస్తే అరిష్టం. గంట సేపట్ల వర్జ్యం పోతది, సూపర్వైజర్ గూడ వస్తడు."

"కాకా, నాకు ఊపిరాడతలేదు."

"ఆడతది. మెట్ల మీద కూసో."

కూర్చున్నాను. వేసవి ఎండకు చెక్క వేడెక్కి జిగురు వాసన గొంతులోకి దిగుతోంది. బాపు అవతలే ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పలకకు తగిలి టక్కుమంటోంది గానీ తిరగడం లేదు. సేటు ఊ అనాలి. కన్నకూతురు లోపలుంటే ఊ కోసం ఎదురుచూసే మనిషి ఏం మనిషి అని పళ్లు కొరికాను. మూడు రోజులుగా సేటు ముందు నేను నవ్విన నవ్వు కూడా ఆ ఎదురుచూపు లాంటిదేనని తెలిసి మరీ ఉక్కిరిబిక్కిరయ్యాను.

"బాపూ, భయమైతున్నది" అన్నాను. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అని ఎరగను.

స్క్రూ కిర్రుమంది.

"వడ్లాయనా, ఆగుమన్న గద!" సేటు అరిచాడు. ఒకదాని తర్వాత ఒకటి స్క్రూలన్నీ వచ్చాయి. తలుపు తెరుచుకుని ఎండ నా ముఖాన కొట్టింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

సేటు నా మీద కోప్పడలేదు. "బయట పడ్డవు గద. సంతకం జేసినంక మళ్ల బిగిస్తం, ఎవ్వలకెరుక" అని కారెక్కి వెళ్లాడు.

బాపు మంచినీళ్లిచ్చాడు. "సేటు మాట కాదని తీసినవు బాపూ" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినబడింది.

"లోపట నువ్వున్నవు గనుక తీసిన" అన్నాడు బాపు. "వేరేటోళ్లుంటే సేటు చెప్పేదాంక ఆగేటోన్నే."

ప్రేమగానే అన్నాడు. నాకు కోపం రాలేదు, కానీ నీళ్లు పక్కన పెట్టేశాను. ఫారం మోకాళ్ల మీద పెట్టుకుని 'ఆమోదించలేదు' అని రాశాను. ఆ తలుపు మూసిన వడ్రంగి నా తండ్రి అని కూడా రాశాను. ఏం రాశావని బాపు అడిగితే చదివి వినిపించాను.

"ముప్పై ఏండ్ల పని బిడ్డా" అన్నాడు.

సంతకం చేశాను. ఆ హాస్టల్లో చేరే పిల్లల బాపులెవరూ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ తలుపు బయట నిలబడి ఉండరు.