ఇరవైతొమ్మిదో క్యాను

2001 వేసవిలో కంకిపాడు దగ్గర ఒక ప్రైవేటు పాల డెయిరీలో క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరుగా చేరాను. ప్లాంటంతా నా చేతి కింద నడిచేదని ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి నా కింద ఉన్నది ల్యాబ్ అసిస్టెంటు ఖాదర్, లారీల నుంచి పాలు దించే డాక్ మీద నలుగురైదుగురు మనుషులు. పైన మేనేజరు గారు.

పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటరు, అంటే చిక్కదనం చూసే గాజు గొట్టం, ఎక్కువ లోతుకు మునుగుతుంది. కాస్త పంచదార వేస్తే మళ్లీ పైకి తేలుతుంది. అందుకే ఆ గొట్టాన్ని ఒక్కదాన్నే నమ్మం. పాలలో యాసిడూ, రిసార్సినాల్ అనే పొడీ వేసి వేడినీళ్లలో పెడతాం. పంచదార ఉంటే ఎర్రబడతాయి. లారీలోని క్యాన్లన్నిటికీ ఆ పరీక్ష చేస్తూ కూర్చుంటే ఈలోగా పాలు విరిగిపోతాయి. కాబట్టి లారీకి మూడు క్యాన్లు ఎంచి చూస్తాం. ఏ మూడన్నదే అసలు సంగతి. నేను రాకముందు డాక్ మీది మనిషి చేతికి అందిన క్యాను తీసేవాడు. ఏది అందాలో లారీ ఏజెంటు చూసుకునేవాడు.

ఆ బెడద పోగొట్టడానికి ఎక్సెల్‌లో ఒక మాక్రో, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాను. లారీలో ఎన్ని క్యాన్లున్నాయో కొట్టి బటన్ నొక్కితే, ఏ వరుసా లేకుండా మూడు నెంబర్లు చీటీ మీద ప్రింటయ్యేవి. జిల్లాలోని డెయిరీలవాళ్లంతా వచ్చి చూసిపోయారని బంధువులకు చెప్పాను. ఎవరూ రాలేదు.

దాని చుట్టూ నేను వేసిన కట్టుదిట్టాలంటే నాకు ఇంకా గర్వం. ప్రింటరు నుంచి బోర్లా వచ్చిన చీటీని నేను కూడా చూడకుండా మడిచి కిటికీలోంచి అందించేవాణ్ణి. క్యాన్ల మీద దించిన వరుసలో సుద్దముక్కతో నెంబర్లు వేసేవాళ్లు. శాంపిల్ తీయగానే చీటీ చింపెయ్యాలి. డాక్ మీద శాంపిల్ తీసే మనిషిని రోజూ మార్చేవాణ్ణి. ఒక్కో చీటీ అయ్యాక ఎక్సెల్ మూసేసేవాణ్ణి, లోపల జాడ మిగలకుండా.

కొన్నాళ్లకు ఒక వింత బయటపడింది. క్యాన్ల శాంపిళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. అవే పాలు కలిసిన పెద్ద ట్యాంకు శాంపిల్ మాత్రం ఎర్రబడింది. నెంబర్లు ముందే బయటికి పోతున్నాయని మేనేజరు గారు తేల్చారు. నాకూ అలాగే తోచింది. కంప్యూటర్ గది తాళంచెవి ఖాదర్ దగ్గర ఉండేది. హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరు అతని బావమరిది. అనుమానం మొదలయ్యాక ఇక చూడాలి. ఖాదర్ బావమరిదితో నవ్వితే సైగ, నవ్వకపోతే నటన. టీ తాగడానికి బయటికి వెళ్తే కబురు అందించడానికే.

తాళంచెవి ఇచ్చెయ్యమన్నాను.

"గదిలో ఏం పోయింది సార్?" అన్నాడు.

"ఏమీ పోలేదయ్యా."

"ఏమీ పోకుండానే దొంగ దొరికాడన్నమాట," అని రింగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

తాళంచెవి నా జేబులోకి వచ్చినా క్యాన్లు తెల్లగానే ఉన్నాయి, ట్యాంకు ఎర్రగానే ఉంది. అప్పుడైనా నా అనుమానం తీరాలి. తీరలేదు. మారు తాళంచెవి చేయించి ఉంటాడనుకున్నాను. మేనేజరు గారు ఖాదర్‌ను పనిలోంచి తీసేస్తూ కాగితం తయారు చేయించి, నా సంతకం కోసం కబురు పెట్టారు. అప్పుడే ఒక లారీకి చీటీ ఇచ్చి ఉన్నాను. ఆ హడావిడిలో ఎక్సెల్ మూయకుండానే వెళ్లాను. ఆయన పెన్ను మూత తీసి అందిస్తుండగా గేటు దగ్గర హారన్ మోగింది. లారీ చూసొచ్చి పెడతానండీ అని వచ్చేశాను.

వచ్చింది హనుమాన్ జంక్షన్ లారీయే. బటన్ నొక్కి చీటీ అందించాను. కాసేపటికే డాక్ మీద కేకలు.

"పన్నెండేంటయ్యా! మాది ఇరవైతొమ్మిది!" అంటున్నాడు ఏజెంటు రంగారావు.

"చీటీలో పన్నెండే ఉందండీ," అన్నాడు మా మనిషి.

"నువ్వే మార్చుకొచ్చుంటావు. పిలువు ఆఫీసరు గారిని. రూలంటే రూలేగా!"

నేను బయటికెళ్లి, మీది ఇరవైతొమ్మిదని ఎవరు చెప్పారండీ అని అడిగాను.

"ఒకరు చెప్పేదేంటండీ, రోజూ తీసేది అదేగా! ఇరవైతొమ్మిది, ఇరవైరెండు, ఇరవైనాలుగు. మీ మనుషులంటే మారతారు గానీ, నేను రోజూ ఇక్కడే..." అని, ఏమన్నాడో తనకే అర్థమై ఆగిపోయాడు.

పన్నెండో క్యాను పాలు ఎర్రబడ్డాయి.

గదిలోకెళ్లి ఎక్సెల్ మూసి, తెరిచి, నలభై అని కొట్టి నొక్కాను. మొదటిసారి చీటీ తిప్పి చూశాను. ఇరవైతొమ్మిది, ఇరవైరెండు, ఇరవైనాలుగు. మళ్లీ మూసి తెరిచాను. అవే. కంప్యూటరు మనలా చీట్లు కలిపి తీయదు. ఒక అంకె దగ్గర మొదలుపెట్టి లెక్క కట్టుకుంటూ పోతుంది. మొదలు ఒకటే అయితే వరుసా ఒకటే. నేను ఎక్సెల్ మూసినప్పుడల్లా అది మళ్లీ మొదటికొచ్చేది. ఇవాళ మూయలేదు కాబట్టి వరుస ముందుకు సాగి పన్నెండు వచ్చింది. క్యాన్ల సంఖ్య మారే లారీలకు నెంబర్లు మారేవి. రంగారావు రోజూ సరిగ్గా నలభై తెచ్చి, ఆ మూడు చోట్ల మంచి పాలు ఉండేలా దింపించుకునేవాడు.

మొదటి అంకెను గడియారం నుంచి తీసుకోమని చెప్పే 'ర్యాండమైజ్' అనే మాట మాక్రో మొదట్లో ఉండాలి. నా దాంట్లో లేదు. ఆ మాక్రో నేను రాశానన్నాను కదా. గవర్నర్‌పేటలో కంప్యూటర్ క్లాసుకు వెళ్లి, మేడం బోర్డు మీద రాసింది దించుకున్నాను. ఆ రోజు బస్సు ఆలస్యమై నేను వెళ్లేసరికి పై లైను చెరిపేసి ఉంది.

సంతకం పడని కాగితాన్ని మేనేజరు గారే చింపేశారు. తాళంచెవి తిరిగి ఇస్తే ఖాదర్ తీసుకుని, "మారుదొకటి చేయించి మీకూ ఇవ్వమంటారా సార్?" అన్నాడు.

నెంబర్లు దాచిపెడితే చాలు, ఎవరూ ఊహించలేరనుకున్నాను. అవి రెండూ వేరువేరు పనులని ఆ డెయిరీలో తెలిసింది. మా మనుషులెవరూ వరుసగా రెండు రోజులు చూడకుండా ఏర్పాటు చేసింది నేనే. దాంతో రోజూ చూసేవాడు రంగారావు ఒక్కడే మిగిలాడు. మాక్రోలో ఆ మాట చేర్చి, మర్నాటి నుంచి చీటీలు చింపడం మానేసి, తేదీ వేసి ల్యాబ్ గోడకు అంటించాం. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.