సక్కుబాయి చెప్పిన ధర

హుజూరాబాద్‌లో పాత సైకిలు కొనాలన్నా అమ్మాలన్నా జనం ముందుగా వెళ్లేది సక్కుబాయి దగ్గరికే. బస్టాండు వెనక సందులో నాలుగు రేకుల కింద ఆమె దుకాణం. యాభై రెండేళ్ల మనిషి. కొంగు నడుముకు బిగించి, నేల మీద కూర్చుని, చక్రాన్ని కళ్ల ముందు తిప్పుతూ కనిపిస్తుంది. ఎవరైనా సైకిలు తెచ్చి "ఎంత పెట్టొచ్చు అక్కా?" అని అడిగితే చేతిలో పని ఆపి, సైకిలు చుట్టూ తిరిగి చూసి, ఒక అంకె చెబుతుంది. బతిమాలినా ఆ అంకె మారదు, కోప్పడినా మారదు.

ఆమె పుట్టింది భైంసా వైపు. తండ్రి అంబదాస్ సంతల్లో గోనెపట్టా పరిచి సైకిళ్లు బాగుచేసేవాడు. ఇద్దరు కొడుకులున్నా పని పట్టుబడింది కూతురికే. పన్నెండేళ్లకే వంకరపోయిన చక్రానికి బెండు తీసేది. ఒకసారి సంతలో ఒక పటేలు తన పాత సైకిలును మూడొందలకు అమ్మబోతుంటే, కొనేవాడు అంబదాస్‌ను అడిగాడు. "నూట యాభై" అన్నాడు అంబదాస్. పటేలు అందరి ముందూ ఆయన చెంప పగలగొట్టాడు. అంబదాస్ కిందపడ్డ టోపీ తీసి దులుపుకుని, "నూట యాభై" అని మళ్లీ అన్నాడు. సక్కుబాయి అప్పుడు తండ్రి పక్కనే, చేతిలో పంపు పట్టుకుని నిలబడి ఉంది.

పెళ్లయి హుజూరాబాద్ వచ్చింది. భర్త పర్శరాములు పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. రోజంతా మగ్గం చప్పుడులో నిలబడితే వచ్చే కూలి ఇద్దరు పిల్లల తిండికే సరిపోయేది కాదు. సైకిలు దుకాణం పెడతానని ఆమె అంటే అత్తింటివాళ్లు ఇల్లు పీకి పందిరేశారు.

"ఆడమనిషి పాన పట్టుకొని రోడ్డు మీద కూసుంటే మా ఇజ్జత్ ఏం గావాలె?" అని అత్త అరిచింది.

"మీ ఇజ్జత్ బియ్యం తెస్తదా అత్తా?" అని అడిగింది సక్కుబాయి. మర్నాడు దుకాణం తెరిచింది. ఇప్పటికి ఇరవై ఆరేళ్లయింది.

నిరుడు ఎండాకాలం మొదట్లో ఆ దుకాణం ముందు ఒక కారు ఆగింది. దిగింది ఓంప్రకాశ్ సేటు. కరీంనగర్‌లో ఆయనది పెద్ద సైకిళ్ల షాపు. చుట్టుపక్కల చిన్న దుకాణాలన్నిటికీ టైర్లు, ట్యూబులు పంపేది ఆయనే. ఈ మధ్య కొత్త వ్యాపారం కూడా మొదలుపెట్టాడు. పాతకాలపు విదేశీ రేసు సైకిళ్లు ఎక్కడున్నా వెతికి కొని, మెరుగు పెట్టి, హైదరాబాద్‌లో మోజున్నవాళ్లకు అమ్ముతున్నాడు.

"సక్కుబాయీ, లింగమూర్తి ఇంట్ల రేసు సైకిల్ ఉన్నదట, ఎరికేనా?"

"ఎరికే సేటు. బహ్రెయిన్‌కెల్లి తెచ్చుకున్నడు."

"అమ్ముతా అంటుండు. కానీ సక్కుబాయి ఎంత చెప్తే గంతకే అంటుండు. రేపు నిన్ను పిలుస్తడు. నువ్వు ఎనిమిది వేలు అను. ఫ్రేము వంగిందను, పార్టులు దొరకయను. గంతే."

"సూడకుండ ఎట్ల అంటా సేటు?"

"సూసినంక గూడ గదే అను." సేటు నవ్వాడు. కారెక్కబోతూ దుకాణంలో వేలాడుతున్న టైర్ల వైపు చూశాడు. "నీకు మాల్ ఏడికెల్లి వస్తుందో జర యాది పెట్టుకో."

లింగమూర్తికి డెబ్భై ఏళ్లు. వయసులో ఉండగా బహ్రెయిన్‌లో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో తోటపని చేశాడు. ఆ ఇంజనీరు సొంత దేశానికి పోతూ తన రేసు సైకిలును ఈయన చేతిలో పెట్టాడు. లింగమూర్తి దాన్ని ఓడ మీద బొంబాయికి, అక్కడి నుంచి రైల్లో కాజీపేటకు తెచ్చి, కాజీపేట నుంచి తొక్కుకుంటూ ఊరు చేరాడు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, వేలు లావు టైర్లు చూసి ఊరంతా నవ్వింది. ఆయన మాత్రం ఇరవై ఏళ్లు దాని మీదే తారు రోడ్డంతా తిరిగాడు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. మూలన పడి ఉంటే ఏదో ఒకరోజు పాత ఇనుములోకి పోతుందని భయపడి, విలువ తెలిసినవాళ్లకు అమ్మాలనుకున్నాడు.

సక్కుబాయి వెళ్లేసరికి సేటు అప్పటికే వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. లింగమూర్తి కోడలు వినోద గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడింది.

"అక్కా, గిసుంటిదే ఫోన్ల లక్షా ఇరవై వేలకు పెట్టిండ్రు, చూడు" అంది వినోద.

"పెట్టిండ్రు సరే. ఎవలన్న కొన్నరా?"

వినోద ఫోనులో కిందికీ పైకీ వెతుక్కుంది.

సక్కుబాయి సైకిలును ఒంటిచేత్తో లేపి చూసింది. మామూలు మన సైకిలు బరువులో సగం కూడా లేదు. గోటితో ఫ్రేము గొట్టాన్ని మీటింది. గంట కొట్టినట్టు సన్నగా మోగింది. హ్యాండిల్ కింద, ముందు గొట్టాలు కలిసేచోట రంగు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది. ఎక్కడైనా గుద్దుకుని ఉంటే అక్కడ రంగు ముడతలు పడుతుంది. ముడతలు లేవు. సంచిలోంచి నూలు దారం తీసింది. ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండు కొసలను వెనక చక్రం ఇరుసుకు అటూ ఇటూ కట్టి, మధ్య గొట్టానికీ దారానికీ ఎడం ఎంతుందో రెండు పక్కలా స్కేలుతో కొలిచింది. రెండు పక్కలా ఒకటే.

"ఫ్రేము ఇసుమంత గూడ వంగలే" అంది, సేటు వైపు చూడకుండా.

సేటు గొంతు సవరించుకున్నాడు.

ఆమె ఆగలేదు. చైను చూసింది, అరిగింది. సీటు తోలు పగిలింది. సీటు కింది గొట్టాన్ని తిప్పబోతే తుప్పుకు అతుక్కుపోయి కదల్లేదు. పై గొట్టం మీద బొటనవేలంత సొట్ట. వెనక చక్రం దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది.

"పెద్దన్నా, వెనక రిమ్ము ఇటలీది కాదుగద?"

లింగమూర్తి ముఖం చిన్నబోయింది. "గుంతల వడి ఇరిగింది. వరంగల్‌ల ఏపిచ్చిన."

"మిగతాదంత అసలుదే. గేర్లు, బ్రేకులు, ముందు చక్రం అన్నీ దానితోని వచ్చినయే." లేచి చేతులు తుడుచుకుంది. "ముప్పై రెండు వేలు."

ఒక్కసారిగా ఇద్దరూ మీద పడ్డారు.

"గిదేం అన్యాయం చెల్లె!" అన్నాడు లింగమూర్తి. "లక్ష ఉన్నదాన్ని గింత దించుతవా? నా సైకిల్ మీద గిన్ని వంకలా?"

"వంకలు నేను పెట్టలే పెద్దన్నా. ఉన్నయి చెప్పిన."

"నువ్వు నిన్న నాతోని ఏమన్నవు?" సేటు కుర్చీలోంచి లేచాడు.

"నేనేం అనలే. నువ్వే అన్నవు. ఎనిమిది వేలు అనమన్నవు, ఫ్రేము వంగిందనమన్నవు. దారం అందరి ముంగట పెట్టిన. వంగితే సూపెట్టు."

సేటు ముఖం కందగడ్డలా అయింది.

"పంచర్లు ఏసుకునేదానివి, నీ మాటకు ఇలువేంది? ఎవడు నమ్ముతడు?"

"వినోదా, ఒక కాగితం ఇయ్యి బిడ్డా" అంది సక్కుబాయి. గడప మీద కూర్చుని రాసింది. బాగున్నవి ఒకవైపు, బాగలేనివి ఒకవైపు. సొట్ట రాసింది, తుప్పు రాసింది, మారిన రిమ్ము రాసింది. కింద ముప్పై రెండు వేలని రాసి, పేరు రాసి, సంతకం పెట్టింది. "ఇగో, నా మాట. నచ్చనోళ్లు చింపుండ్రి."

"రేపటికెల్లి నీకు నా కాడ ట్యూబు ముక్క గూడ దొరకది" అని సేటు కారెక్కాడు.

"దొరకకుంటే మానె" అంది ఆమె, కారు అద్దంలోంచి వినపడేలా.

అన్నంత పనీ చేశాడు. వారం తిరగకముందే దుకాణంలో సరుకు నిండుకుంది. ఊళ్లో మాటలు కూడా పుట్టాయి. ఇద్దరి దగ్గరా డబ్బులు తిన్నదనీ, బేరం చెడగొట్టిందనీ. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె అన్నం తినలేకపోయింది. పర్శరాములు మెల్లగా, "సేటుతోని ఒక్క మాట మంచిగ మాట్లాడరాదు?" అన్నాడు.

"ఏమని? వంగని ఫ్రేమును వంగిందని రాసిస్తా అనన్నా?"

ఆయన గురువారం పొద్దున్నే ఆమె వెంట వరంగల్ బస్సెక్కాడు. ఇద్దరూ టైర్లు భుజాలకు తగిలించుకుని తిరిగొచ్చారు. సేటు దగ్గరికంటే జతకు ఇరవై రూపాయలు ఎక్కువ పడింది. అయినా పంచరు ధర ఆమె పెంచలేదు.

లింగమూర్తి సైకిలును వినోద ఫోనులో లక్షా ఇరవైకి పెట్టింది. నాలుగు నెలలు ఒక్కరూ రాలేదు. ఓంప్రకాశ్ మాత్రం రెండుసార్లు మనిషిని పంపాడు. మొదటిసారి పన్నెండు వేలన్నాడు, రెండోసారి పద్దెనిమిది. అప్పుడు లింగమూర్తి ఆలోచనలో పడ్డాడు. ఎనిమిది వేలే అనమన్నవాడు పద్దెనిమిది ఎక్కడి నుంచి తెస్తున్నాడు?

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం కర్ర పట్టుకుని సక్కుబాయి దుకాణానికి వచ్చాడు.

"చెల్లె, గా కాగితం కోపంల చింపేసిన. మల్ల రాసియ్యి."

ఆమె స్టూలు జరిపింది. "కూసో పెద్దన్నా."

"గిన్ని దినాలైంది. తక్కువ రాస్తవా?"

"సైకిల్ అట్లనే ఉన్నదిగద. అంకె గూడ అట్లనే ఉంటది."

ఈసారి వినోద ఆ కాగితాన్నే ఫొటో తీసి, సొట్టతో సహా ఫోనులో పెట్టింది. నాలుగో రోజున, సక్కుబాయి కూడా లింగమూర్తి ఇంట్లో ఉండగా, కరీంనగర్ నుంచి సృజన వచ్చింది. కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆదివారాలు తెల్లవారుజామున మానేరు డ్యామ్ కట్ట మీద సైకిలు తొక్కే గుంపులో ఒకతె. కాగితం చేతిలో పట్టుకుని, ఒక్కొక్క వరుసా చదువుతూ, సైకిలు మీద ఆ చోటు వెతుక్కుంటూ చూసింది. అన్నీ సరిపోయాయి.

"డెంటు ఉన్నదిగద అక్కా, ముప్పైకి ఇయ్యరాదా?"

లింగమూర్తి ఒప్పుకోబోయాడు. సక్కుబాయి అడ్డుపడింది. "డెంటుకు కాగితం మీద ఒకసారి తగ్గించిన బిడ్డా. అదే డెంటుకు రెండోసారి ఎందుకు తగ్గిస్తా?"

సృజన ఫక్కున నవ్వి ముప్పై రెండు వేలూ ఇచ్చింది. సైకిలెక్కి సందు చివరిదాకా పోయి తిరిగొచ్చింది. లింగమూర్తి చూపు చక్రాల మీది నుంచి కదల్లేదు. "గేరు మార్చేటప్పుడు జర కాలు వదులు చెయ్యాలె బిడ్డా" అని మాత్రం చెప్పాడు. ఆమె వెళ్లాక సక్కుబాయి వైపు తిరిగి, "ఆ దినం నిన్ను నలుగుర్ల అట్ల అనకుంట ఉండాల్సింది" అన్నాడు. సక్కుబాయి సరే అన్నట్టు తలూపింది.

ఆ తర్వాత ఆమె దుకాణం ముందు రేకు మీద ఎర్రరంగుతో రాయించింది: 'పాత సైకిళ్లు చూసి ధర కాగితం మీద రాసి ఇవ్వబడును. వంద రూపాయలు. బేరం లేదు.' సుల్తానాబాద్ నుంచి, ఒకసారి నిర్మల్ నుంచి కూడా మనుషులొచ్చారు. కొందరు ఆ వందా ఇచ్చి, అంకె నచ్చక తిట్టుకుంటూ పోయారు.

దసరా ముందు ఓంప్రకాశ్ గుమాస్తా కైలాసం వచ్చాడు. చెప్పుకోవడానికి ఇబ్బంది పడుతూ, "సేటు మల్ల మాల్ పంపుతా అంటుండు అక్కా. గీ కాగితాలు రాసుడు బంజేస్తే చాలు అంటుండు" అన్నాడు.

సక్కుబాయి చక్రం తిప్పడం ఆపలేదు. "గా మాట గూడ కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమను కైలాసం. గోడకు అంటిపెట్టుకుంటా."

కైలాసం నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు.

గురువారం ఎప్పటిలాగే టైర్లకు వరంగల్ పోయింది. తిరిగొచ్చే బస్సులో కండక్టరు టైర్ల కట్టను చూసి, లగేజీకి టికెట్ తీసుకోవాలన్నాడు. "కొట్టు, ఎవలు వద్దన్నరు?" అని సక్కుబాయి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, టికెట్టు మడిచి రవికలో దోపుకుని, కట్టను కాళ్ల మధ్య నిలబెట్టి, కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది.