పక్కింటి ఆంటీ బరువు, నా నడుము

అక్టోబరు 14, మంగళవారం. రెండు లోడ్ల బట్టలు, పిల్లల లంచ్ డబ్బాలు, బీరకాయ కూర, చారు, మెట్ల మీద దుమ్ముకు హూవర్ మిషను పట్టడం, తడిచెత్త వేసే బ్రౌన్ బిన్ బయట పెట్టడం. మొత్తం ఆరు పనులు. ఐదు పూర్తయ్యాయి. ఆరోది చేస్తూ బిన్ను రోడ్డు అంచుకు లాక్కెళుతుంటే పక్కింటి తలుపు తీసుకుని ఆంటీ కూతురు చెప్పుల్లేకుండా బయటికి వచ్చింది. ఇక్కడే, ఐర్లాండ్‌లోనే, పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ఆ రోజు మాత్రం తెలుగులో చెప్పింది.

"ఆంటీ, అమ్మ పోయింది. హాస్పీస్ నుంచి ఇప్పుడే ఫోన్ చేశారు." చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోటు అది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని శుక్రవారం మా ప్రార్థన కూటానికి వచ్చే తెలుగు ఆడవాళ్ళు నన్ను అడిగారు. నాకు పొగడటం రాదు, లెక్కలు రాయడం వచ్చు. ఆంటీ విషయంలో నేను రాసిన లెక్కలో ఒక పొరపాటు ఉంది. దాన్ని పక్కన పెట్టి ఆమెను తలుచుకోవడం నా వల్ల కాదు. అందుకని దానితో కలిపే చెబుతాను.

ఆడమ్స్‌టౌన్‌లో మా ఇల్లూ వాళ్ళిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఆ గోడ పల్చన. మా ఇంట్లో కుక్కరు కూతలు ఆమె అక్కడి నుంచే లెక్కపెట్టేది. "ఇయ్యాల నాలుగు కూతలకే ఆపావేంది అమ్మాయ్, కందిపప్పు ఉడికిందా?" అని పెరటి కంచె మీదుగా అడిగేది. ఆమెది చీరాల వైపు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడొక నర్సింగ్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, కేరర్. ముసలివాళ్ళను లేపడం, కూర్చోబెట్టడం, పక్క మీద ఇటు నుంచి అటు తిప్పడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగమే ఆమెకు నడుము నొప్పి తెచ్చిపెట్టింది. కాస్త లావు మనిషి కూడా. నేను అంతకంటే లావు.

మూడేళ్ళ క్రితం ఒక ఫిబ్రవరి ఉదయం వంటింట్లో కింది అల్మారాలోంచి, అంటే ఇక్కడివాళ్ళ మాటలో ప్రెస్సులోంచి, ఇడ్లీ కుక్కరు తీద్దామని వంగాను. వంగినదాన్ని మళ్ళీ నిలబడలేదు. నేల మీద వెల్లకిలా పడుకుని, చేతికందిన గరిటెతో గోడ మీద కొట్టాను. నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఆంటీ, యూనిఫాంతోనే వెనక తలుపు తీసుకుని వచ్చింది.

"లేవబాక. ముందు ఊపిరి తీసుకో. ఇప్పుడు మోకాళ్ళు ముడువు. దుంగ దొర్లినట్టు ఒక్కసారే పక్కకి దొర్లు."

"నేను చాలా బరువు ఆంటీ. మీరు ఎత్తలేరు."

"నిన్నెవరు ఎత్తుతారే? నువ్వే లేస్తావు. నేను ఎత్తితే నా నడుం కూడా వచ్చి నీ పక్కనే పండుకుంటది."

నవ్వితే నొప్పి. నవ్వకుండా ఉండలేను. అలా నవ్వుతూ, ఏడుస్తూ, ఆమె చెప్పిన వరుసలో కుర్చీ పట్టుకుని లేచాను.

జీపీ, అంటే మా పేట డాక్టరు, పరీక్షించి, మాత్రలు రాసి, ఫిజియోకు పంపుతూ, కొంచెం బరువు తగ్గితే నడుముకు తెరిపి ఉంటుందని చెప్పింది. ఇంటికి వచ్చేదాకా నేను కుతకుతలాడిపోయాను. నొప్పి అని వెళితే లావని చెప్పి పంపిందని ఆంటీ దగ్గర వెళ్ళగక్కాను.

"మా అమ్మ నాకంటే లావు ఆంటీ. ఆవిడకి ఏ నొప్పీ లేదు."

"అడిగావా, నువ్వే అనుకుంటన్నావా?"

అప్పటికప్పుడు ఏలూరికి ఫోన్ చేసి అడిగాను. మా అమ్మ, "నొప్పి లేకపోవడం ఏంటే? నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ ఉంది. ఎప్పుడు అడిగారు గనక చెప్పడానికి?" అంది. ఆంటీ టీ కప్పులో నుంచి టీ బ్యాగు తీసి, అలవాటు ప్రకారం రెండో కప్పు కోసం సాసరు మీద దాచుకుంది. ఆ తరువాత అన్న మాట నేను పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. "మా దగ్గర ఒక మనిషి ఐదు కిలోలు తగ్గితే, ఎత్తే నాకు ఆ రోజే తెలుస్తది. నీ నడుం కూడా కేరరే అమ్మాయ్. పొద్దస్తమానం నిన్ను ఎత్తుకునే ఉంటది. దానికి సెలవు కూడా లేదు."

అలా ఇద్దరం కలిసి తగ్గాలని నిర్ణయించుకున్నాం. ప్రతి శనివారం పొద్దున టీ తాగకముందు, చెప్పులు విడిచి, మా బాత్రూములో ఉన్న బరువు చూసే మిషను మీద నిలబడాలి. పుస్తకంలో చెరొక పేజీ. ఒక వరుసలో బరువు. పక్క వరుసలో నొప్పి పదికి ఎంతో. నాది ఏడుతో మొదలైంది, ఆమెది ఐదుతో.

ఆరు వారాలు నా బరువు కదల్లేదు. రాత్రిపూట అన్నం మానేశాను, పుస్తకంలో రోజూ "అన్నం: లేదు" అని రాస్తున్నాను. అయినా ముల్లు అక్కడే ఉంది. ఒక శనివారం ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని నా పేజీలు తిరగేసింది.

"అన్నం లేదు సరే. మరి నిన్న రాత్రి మీ ఇంట్లో ఉప్మా తిరగమోత వాసనొచ్చింది?"

"అది టిఫినే కదా ఆంటీ."

"టిఫిన్ కడుపులోకి పోదా? నేతి దోశ ఎన్ని?"

"మూడు. చిన్నవే."

"పిల్లల ప్లేట్లలో మిగిలింది ఎవరు తింటన్నారు?"

తింటున్నది నేనే. పిల్లలు వదిలేసిన చికెన్ ముక్కలు, సగం తిన్న పాస్తా, పెరుగన్నం అడుగు, ఏదీ పారేయడం నాకు చేతకాదు. సింకు దగ్గర నిలబడి నోట్లో వేసుకుంటాను. నిలబడి తిన్నది నా దృష్టిలో తిన్నట్టు కాదు.

"రూపాయి పోతే ఇల్లంతా వెతికే మనిషివి," అంది ఆంటీ. "ఇంకో మనిషి తిండి నీ నోట్లోకి పోతంటే కనపళ్ళా?"

ఆ రోజు నుంచి పిల్లలకు తక్కువ వడ్డించి, అడిగితే మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాను. పుస్తకంలో "నిలబడి తిన్నవి" అని మూడో వరుస గీశాను. రెండు వారాల్లో ముల్లు కదిలింది.

సాయంత్రాలు కాలువ గట్టు మీద నడిచేవాళ్ళం. వాన పడినా వెళ్ళాలని ఆమె పట్టు. "ఈ దేశంలో వాన ఆగాక నడుద్దామంటే సమాధిలోకే నడక" అనేది. నర్సింగ్ హోమ్ వాళ్ళిచ్చిన నేవీ బ్లూ జాకెట్టు, జేబులో పిప్పరమెంట్లు. లాకు గేటు దగ్గర ఒక నిమిషం ఆగి ప్రార్థన చేసుకునేది, కళ్ళు తెరిచే. నేను వింతగా చూస్తే, "మూసుకుంటే కాలవలో పడతా. దేవుడు ఏమీ అనుకోడులే" అంది. ఎదురొచ్చిన ప్రతి ఐరిష్ ముసలాయనకూ, ఎలా ఉన్నావంటే, బాగున్నానన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అని చెప్పి, ఆయన దాటిపోగానే నడుం పట్టుకుని "చచ్చిపోతన్నా" అనేది.

బరువు తగ్గితే నడుము నొప్పి తగ్గుతుందా అని నన్ను చాలామంది అడుగుతారు. నా లెక్క ఇది. పది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. నొప్పి ఏడు నుంచి మూడుకు వచ్చింది. సున్నాకు రాలేదు. ఫిజియో చెప్పిన వ్యాయామం మానిన వారాల్లో బరువు పెరగకపోయినా ఐదుకు ఎక్కింది. ఆంటీ నాలుగు కిలోలు తగ్గితే ఆమె నొప్పి ఐదు నుంచి నాలుగే అయింది. ఇరవై ఏళ్ళు మనుషుల్ని మోసిన నడుము అది. బరువు తగ్గడం సాయం చేస్తుంది, మొత్తం భారం అదొక్కటే మోయదు. నాకు మాత్రం ఆ సాయం చాలు. ఇడ్లీ కుక్కరు ఇప్పుడు నేనే తీసుకుంటున్నాను.

ఇక ఆ పొరపాటు సంగతి.

కిందటి చలికాలం ఆంటీ వేగంగా తగ్గడం మొదలుపెట్టింది. నవంబరులో రెండు కిలోలు, డిసెంబరులో మూడు. నడక తగ్గించింది, చలి అంది. అయినా ముల్లు పడిపోతూనే ఉంది. నాకు అసూయ. మిషను మీద ఆమె నిలబడ్డ ప్రతి శనివారం చప్పట్లు కొట్టాను. శుక్రవారం ప్రార్థనకు వచ్చినవాళ్ళు గుమ్మంలోనే, "ఆంటీ, ఎంత సన్నబడ్డారు! సీక్రెట్ చెప్పండి!" అని చుట్టుముట్టేవాళ్ళు. ఆమె నవ్వేది. కొత్త చుడీదారు కొనుక్కుంది, ఒక సైజు తక్కువది.

ఆ శనివారాల్లోనే పక్క వరుసలో నేను రాస్తున్నాను. నాలుగు. ఐదు. ఆరు. ఆరు. ఏడు. చలికి నడుము పట్టేసిందని ఆమె అంది. నేను రాసుకున్నాను. బరువు పై నుంచి కిందికి చదివాను, నొప్పి పై నుంచి కిందికి చదివాను. రెండూ కలిపి అడ్డంగా చదవలేదు.

మార్చి మొదట్లో మూడు నెలల సారాంశం రాద్దామని కూర్చున్నాను. ఆమె పేజీలో ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరుగుతోంది. నా పేజీలో అలా ఎప్పుడూ లేదు. పుస్తకం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ఆంటీ, మీరు ఏమైనా ప్రత్యేకంగా మానేశారా?"

"ఏమీ మానలా. తినబుద్ధి కావట్లా, అంతే."

పేజీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నర్సింగ్ హోమ్‌లో నెలకోసారి అందరినీ తూచేది ఆమే. ఎవరైనా ఊరికే తగ్గితే, నర్సును పిలిచి ముందు చెప్పేది ఆమే.

"వేరేవాళ్ళదైతే మొదటి నెలలోనే చెప్పేదాన్ని," అంది.

మర్నాడే జీపీ దగ్గరికి వెళ్ళాం. డాక్టరు ఆ పేజీని ఫోటో తీసుకుని వెంటనే ఆసుపత్రికి రాసింది. అక్కడి పరీక్షల్లో క్లోమంలో క్యాన్సరని తేలింది. ఆ పెరిగిన నడుము నొప్పి అక్కడి నుంచే. అప్పటికే చేయగలిగింది కొద్దిగానే మిగిలింది.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూర్చుని, రోజూ నన్ను తొలుస్తున్న మాట అడిగాను. "డిసెంబరులోనే నేను చూసి ఉంటే?"

"ఆ లెక్క వెయ్యబాక. దానికి జవాబు రాదు. నేనూ వేసి చూశాలే." దుప్పటి సర్దుకుంటూ తనే మళ్ళీ అంది. "మా అమ్మ ఉంటే ఏమనేదో తెలుసా? గుమ్మంలోనే, ఏందే ఇట్టా చిక్కిపోయావు, అన్నం తింటన్నావా లేదా అని అడిగేది. మనకి ఆ అడగటం పోయింది. చిక్కినోళ్ళకి చప్పట్లు కొడతన్నాం. శుక్రవారం వాళ్ళకి ఈ మాట చెప్పు. నేను చెప్తే ఏడుస్తారు. నువ్వైతే లెక్కలాగా చెప్తావు."

చెబుతానని మాటిచ్చాను. ఇచ్చాను గాని, ఆమె బతికున్నన్నాళ్ళూ నోరు రాలేదు. చెబితే నా చప్పట్లు కూడా చెప్పాలి. ప్రతి శుక్రవారం పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళి, ప్రార్థన అయ్యాక బిర్యానీ వడ్డించి, అలాగే తిరిగి తెచ్చుకున్నాను. ఆమె అడగలేదు. అడగకపోవడమే నాకు బరువైంది.

సమాధి అయిన తరువాతి శుక్రవారం చెప్పాను. పేజీ తెరిచి తేదీలు, బరువు, నొప్పి చదివాను. ఏ శనివారం చప్పట్లు కొట్టానో కూడా చదివాను. ప్రయత్నం చేసి తగ్గితే సంతోషించండి, ప్రయత్నం లేకుండా తగ్గితే డాక్టరుకు చూపించుకోండి, పక్కవాళ్ళు అలా తగ్గితే మెచ్చుకోకముందు కారణం అడగండి, అన్నాను. ఎవరో లేచి ప్లేట్లు సర్దారు.

గిన్నెలు కడుగుతుంటే ఒకమ్మాయి నా పక్కన వచ్చి నిలబడింది. కార్లో అనే ఊళ్ళో ఎమ్మెస్ చదివి, ఇక్కడ ఉద్యోగంలో చేరిన పిల్ల. పెళ్ళి కుదిరింది. ఈమధ్య సన్నబడిందని అందరం అన్నాం. నేనూ అన్నాను.

"అక్కా, నేను ఏ డైటూ చెయ్యట్లేదు. పెళ్ళి కోసం అనుకుంటున్నారని ఊరుకున్నా. చేతులు వణుకుతున్నాయి. జీపీ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది. మీరొస్తారా?"

సోమవారం వెళ్ళాం. రక్తపరీక్ష చేసి, గురువారం మళ్ళీ పిలిచారు. లోపలికి వెళుతూ తన కోటు నా చేతికిచ్చింది. పావుగంట ఆ కోటు మడత విప్పుతూ మళ్ళీ పెడుతూ కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది.

"థైరాయిడ్ అంట అక్కా. ఎక్కువ పనిచేస్తోందంట. మాత్రలు వాడుతూ స్పెషలిస్టుకి చూపించుకోమన్నారు. ముందే వచ్చావు, మంచిది అన్నారు." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "ఆకలేస్తోంది అక్కా" అంది.

ఎదురుగా ఉన్న కెఫేలోకి తీసుకెళ్ళాను. స్కోన్లు అనే ఇక్కడి బన్నులు రెండు తెప్పించాను. తను ఒకటి తిని, నా ప్లేటు వైపు చూసింది. అది కూడా తన ముందుకు జరిపాను. అద్దం అవతల సన్నగా జల్లు పడుతోంది. ఆ పిల్ల రెండు చేతులతో వెన్న రాసుకుంటూ, తల ఎత్తకుండా, శ్రద్ధగా తింటోంది. చివరి ముక్క దాకా చూస్తూ కూర్చున్నాను. ఆంటీకి నేను బాకీపడ్డ మాట తీరింది.