మునగని పడవ

రామచంద్రపురం బడిలో సూర్యకళ టీచర్‌కి సోమవారమంటే గుండెదడ. ఐదో తరగతి సత్యశ్రీకి పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారవుతాయి, వరసలు కలిసిపోతాయి. ఆ పిల్ల కోసం టీచర్ ప్రతి ఆదివారం ఒక పాఠాన్ని తేలిక మాటల్లోకి కుదించి, పెద్ద అక్షరాలతో, వరసకో వాక్యంగా పసుపు కాగితం మీద రాస్తుంది. ఎక్కువ రాస్తే పిల్ల బెదిరిపోతుందేమో, తగ్గిస్తే వెనకబడిపోతుందేమో. ఏది తీసెయ్యాలో తేలక గోళ్ళు కొరుక్కుంటుంది.

ఈసారి వరద పాఠం. మూడు పేజీలు పది వాక్యాలయ్యాయి.

సోమవారం మిగతా పిల్లలు పుస్తకం పైకి చదివాక సత్యశ్రీ వంతు వచ్చింది. వరస కింద వేలు పెట్టి మెల్లగా చదవసాగింది. పిల్ల ఎక్కడా ఆగలేదు.

"పడవ ఒడ్డుకు బయలుదేరింది," అని ముగించి తలెత్తింది.

"టీచరండీ, వాళ్ళ పుస్తకంలో పడవ మునిగిపోయిందండి. నా కాయితంలో మునగలేదేంటండి?"

"నీకు కష్టమని తీసేశానమ్మా."

"నాకు చదవడమే కష్టమండి. వినపడుతుంది కదండీ."

టీచర్ కాగితం వెనక్కి తీసుకుంది. అక్కడే నిలబడి, పెద్ద అక్షరాలతో పడవని ముంచింది.