లారీలు తూచేవాడు మడతసైకిలు మోసిన రోజు

శ్రీకాకుళానికి రైలుస్టేషను శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఈ ఒక్క సంగతే నా కొంప ముంచింది. మాది అరసవల్లి. నా ఉద్యోగం విజయనగరం శివార్లలో ఒక రైసుమిల్లు దగ్గర, లారీలు తూచే కాటా మీద. తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. ఇంటినుంచి స్టేషనుకు పద్నాలుగు కిలోమీటర్లు, రెండు ఆటోలు మారాలి, అన్నీ కలిపి నలభై రూపాయలు. పైగా ఆటో నిండితేగాని కదలదు. అలా ఒకే నెలలో రెండుసార్లు రైలు తప్పింది. మూడోసారి ఆలస్యమైతే బొబ్బిలి యార్డుకు పంపేస్తానని మా షావుకారు చెప్పేశాడు. బొబ్బిలి వెళితే అక్కడే గది తీసుకోవాలి, వారానికొక్కసారి ఇంటి మొహం చూడాలి. యాభై దగ్గరపడ్డాక ఒంటరిగా అన్నం వండుకునే ఓపిక నాకు లేదు. అందుకే రైల్లోకి ఎక్కించుకోగలిగే మడతసైకిలు కొందామని దిగాను.

విజయనగరంలో సైకిలు కొట్టాయన రెండు రకాలు చూపించాడు. చిన్నది పదహారంగుళాల చక్రాలది, గేర్లు లేవు, పదకొండు కిలోలు, పద్నాలుగు వేలు. పెద్దది ఇరవై అంగుళాలు, ఏడు గేర్లు, పదహారు కిలోలు, పంతొమ్మిది వేలు.

"నీకు సిన్నది సాలు బావా. తొక్కడం కాదు, మొయ్యడం సూసుకో," అన్నాడు.

"రోజూ ముప్పై టన్నుల లారీలు తూస్తన్నాను. పదహారు కిలోలు నాకో లెక్కేటి?" అన్నాను.

 రెండు రోజులు వాడి చూడమని ఆయన పెద్దదే చేతికిచ్చాడు. ఆ సాయంత్రం శ్రీకాకుళం వెళ్ళే మిల్లు లారీ మీద దాన్ని ఇంటికి చేర్చాను.

మర్నాడు అయిదున్నరకు బయలుదేరాను. తొక్కడంలో వంక పెట్టడానికి లేదు. ఎదురుగాలి వచ్చినచోట గేరు తగ్గించుకుంటూ ఆరూ నలభైకి ఆమదాలవలస చేరాను. మడత పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. చెయిను మడ్డి జనాల బట్టలకు అంటుకోకుండా మా ఆవిడ పాత ఎర్రచీర చుట్టి ముడేశాను. ఆ మూటతో వంతెన మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగాను. ఏడుంబావు ప్యాసింజరుకు టిక్కెట్టు ఇరవై రూపాయలు.

పెట్టెలో తలుపు పక్కన పోలమ్మ అనే చేపలమ్మ గంపతో కూర్చుని ఉంది. ఆ చోటు గంపలదేనని రోజూ ఎక్కేవాళ్ళందరికీ తెలుసు. ఆమె పక్కనే మూట దించుకున్నాను. ఎదురు సీట్లోని పెద్దాయన, "ఏటి బాబూ అది?" అని అడిగాడు.

సైకిలని చెబితే అయిపోయేది. నా నోరు ఊరుకోదు కదా. "వినాయకుడండీ. పంచలోహం. విజయనగరంలో ప్రతిష్ఠ," అన్నాను.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "దేవుణ్ణి కింద ఎట్టేశావేటి? ఇలా కూకో. ఒళ్ళో ఎట్టుకో," అని తన సీటు నాకిచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళు లోపలికి ముడుచుకున్నారు. ఒకావిడ మూటను తాకి కళ్ళకద్దుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. పెద్దాయన పోలమ్మ వైపు తిరిగి, "దేవుడి దగ్గర సేపలేటే? గంప అవతలికి తియ్యి," అన్నాడు. ఆమె నా మూటకేసి ఒక్క చూపు చూసి, గంపెత్తుకుని రెండో తలుపు దగ్గరకు పోయి నిలబడింది.

పొందూరు వచ్చేసరికి తొడలు మొద్దుబారాయి. పక్కన దించబోతే, "తప్పు బాబూ," అని నలుగురూ ఒక్కమాటగా అన్నారు. చీపురుపల్లి వచ్చేసరికి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు.

ఎనిమిదిన్నరకు విజయనగరంలో లేచి నిలబడబోతే కాళ్ళు మడతపడ్డాయి. మూట జారింది, ముడి ఊడింది, హ్యాండిలు బయటపడింది. పెద్దాయన దానికేసి చూసి, నాకేసి చూసి, "తల నెరిసింది, సిగ్గు నేదేట్రా నీకు?" అని దిగిపోయాడు. మూటను కళ్ళకద్దుకున్నావిడ నా మొహం కూడా చూడలేదు.

పోలమ్మ మాత్రం దగ్గరకు వచ్చింది. "గంప ఎత్తుకున్నప్పుడే పెడలు సూశాను మావా," అంది.

"మరి సెప్పలేదేటి పోలమ్మా?"

"సెప్తే దించేద్దువు. మొయ్యనీలే అని ఊరుకున్నాను. రా, గంప దించడానికి ఓ సెయ్యెయ్యి."

ఒక పక్క పట్టుకున్నాను. కాటా అక్కర్లేదు, నా మూటకు రెండింతలుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని ఆమె వంతెనెక్కి వెళ్ళిపోయింది. నేను పది నిమిషాలు బెంచీ మీద కూర్చుని, మెట్టుకొకసారి ఆగుతూ బయటపడి, అయిదు కిలోమీటర్లు ఈడ్చుకుంటూ తొక్కాను. గేటు దగ్గర గడియారం తొమ్మిదీ ఏడు చూపిస్తోంది.

"ఈ పూట ఏటి కత?" అన్నాడు షావుకారు. ఉన్నదున్నట్టు చెప్పాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "సోమవారం బొబ్బిలి పో," అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దది తిరిగిచ్చేసి చిన్నది కొన్నాను. బొబ్బిలిలో యార్డునుంచి స్టేషనుకు ఆరు కిలోమీటర్లు. శనివారం అయిదింటికి పని వదిలితే ముప్పావుగంటలో రైలు. ఆటో కోసం చూస్తే ఆ వారం ఇల్లు లేనట్టే. ఇప్పటికి నాలుగు శనివారాలూ అందుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా బరువులు రాసి చీటీలు ఇస్తున్నాను. ఒక్క లారీకీ కాళ్ళు మొద్దుబారడం నేను చూడలేదు. పోలమ్మ గంప బరువెంతో ఇన్నాళ్ళూ ఎవరూ చీటీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం తిరుగురైలెక్కుతూ తలుపు పక్క చూస్తాను. ఆమెది పొద్దుటి బండి, ఆ వేళ ఉండదు.

కొనబోయేవాళ్ళకు ఒక్క మాట. కొట్లో గేర్లు తిప్పి చూసి మురిసిపోకండి. సైకిలు మడిచి స్టేషను వంతెన ఎక్కి దిగండి, తరవాత గంటసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చోండి. అప్పుడు లేచి నడవగలిగితే డబ్బు కట్టండి.