వెల్డా సెల్లారులో మంచినీళ్లు

మిసిసిపీ నది ఒడ్డున మా ఊరు మరీ చిన్నదీ కాదు, చెప్పుకోదగ్గంత పెద్దదీ కాదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, ఇలినాయ్ వైపు పోవడానికి వంతెనలున్నాయి, నది పక్కనే బేస్‌బాల్ మైదానముంది. వరదకు అడ్డుగోడ మాత్రం లేదు. గోడ కడితే నది కనబడదని పెద్దలు వద్దన్నారు. ఆ పెద్దలంతా గుట్ట మీద కాపురముండేవాళ్లే. కింద ఫ్రంట్ వీధివాళ్లకు నది కనబడడంతో ఆగదు, ఇంట్లోకొస్తుంది. వచ్చినప్పుడల్లా టీవీవాళ్లు దిగి ఈ జనం గుండెనిబ్బరం చూడండంటారు.

ఫ్రంట్ వీధిలో బారు నడిపే వెల్డా హోల్ట్‌క్యాంప్‌కు ఆ మాట వింటే ఒళ్లు మంట. "నిబ్బరం లేదు, నా బొందా లేదు. కొనేవాడు దొరక్క ఉన్నాను" అని ఓసారి మైకులోనే చెప్పింది. ఆ ముక్క ప్రసారం కాలేదు.

అరవై దాటినా వెల్డా కూర్చోగా చూసినవాళ్లు లేరు. తుడిచిన గ్లాసే మళ్లీ తుడుస్తుంది. పంది మాంసం ముక్కను పళ్లెం దాటి వేలాడేంత పల్చగా కొట్టి వేయించి, బన్నులో పెట్టి మన ముందు పడేసి, మనం కొరికేలోగా కిటికీ దగ్గరికెళ్లి నది చూసొస్తుంది. మొగుడు "కాస్త కూర్చోవే" అని ఏళ్ల తరబడి చెప్పి, చివరికి తనే అరిజోనాలో కుర్చీ వేసుకుని స్థిరపడ్డాడు.

ఆ ఏప్రిల్‌లో ఎగువన మంచు ఒక్కసారిగా కరిగింది. వారాంతానికి పెద్ద వరదన్నారు. మున్సిపాలిటీవాళ్లు మొదటిసారిగా వీధి పొడవునా ఇసుక నింపిన పెద్ద పెద్ద ఇనపతీగల బుట్టలతో కట్ట వేశారు. ఈ కట్ట నిలుస్తుందన్నారు. వెల్డాకు తేలని చిక్కు అక్కడే మొదలైంది.

మా వాళ్ల పద్ధతి ఒకటుంది. వరద వచ్చేముందు ఇంటి కిందున్న సెల్లారును మనమే కుళాయి నీళ్లతో నింపేస్తాం. నానిన నేల బయటినుంచి గోడను తోస్తుంటే లోపల ఖాళీగా ఉందా, గోడ లోపలికి కూలుతుంది. మీదున్న ఇల్లూ దాంతోపాటే. లోపలా నీళ్లుంటే తోపుకు తోపు సరి. వెల్డా తాత కట్టించిన ఇటుక గోడలు అలాగే నిలిచాయి. కానీ కట్ట నిజంగా నిలిస్తే? చేజేతులా సెల్లారు ముంచుకున్నట్టే.

వెల్డా పొద్దున్నుంచి సెల్లారు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంది. తమ్ముడు మెర్ల్, ఫ్యాక్టరీలో వెల్డరు, బీరు పీపాలు పైకి మోస్తున్నాడు.

"అక్కా, ఈసారి వద్దే. కట్ట చూశావుగా, ట్రాక్టరుతో గుద్దినా కదలదు."

"నది ట్రాక్టరురా?"

"ఏదో ఒకటి తేల్చు. నా నడుం విరుగుతోంది."

"నీ నడుం నువ్వు పుట్టినప్పుడే విరిగింది. ఆ పీపా జాగ్రత్త!"

మధ్యాహ్నానికి కుళాయి తిప్పింది. సాయంత్రానికి సెల్లారు సగం దాకా నిండింది.

కట్ట నిలిచింది.

వీధిలో చుక్క నీరు రాలేదు. టీవీవాళ్లు ముఖం వేలాడేసుకుని వెళ్లారు. ఊరంతా ఫ్రంట్ వీధిలో చేరి బీర్లు తాగింది. పడవల మీద పనిచేసి మానేసిన ఆర్లో ముసలాడు బారు గుమ్మంలోంచే అరిచాడు: "వెల్డమ్మా, ఈతకొలను ఎన్ని గంటలకు తెరుస్తావు? తువ్వాలు నన్నే తెచ్చుకోమంటావా?"

అందరూ నవ్వారు. వెల్డా నవ్వలేదు. కట్ట నిలిచినందుకు ఊళ్లో ఉడుక్కున్న మనిషి ఆమె ఒక్కతే. తెగి ఉంటే తన మాట నెగ్గేది. అలా అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చి, ఆ కోపంలో ఆర్లో గ్లాసు సగముండగానే లాగేసి కడిగేసింది.

నీళ్లు తోడటమూ నిదానంగానే చెయ్యాలి. బయటి నేల ఇంకా నాని ఉంది, తొందరపడితే గోడ మీదికొస్తుంది. మోటారు కొద్దిసేపు నడపడం, ఆపడం. సగం నీరు పోయేసరికి రేడియోలో కబురు: మళ్లీ వరద, కానీ మొన్నటికన్నా తక్కువ.

మెర్ల్ నడుస్తున్న మోటారు స్విచ్ మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "మొన్న పెద్దదే ఆగింది. ఇది చిన్నది. తోడేద్దాం అక్కా, ప్లీజ్."

"నువ్వన్నది నిజమే కావచ్చురా" అంది వెల్డా. మెర్ల్ నోరు తెరుచుకుని చూశాడు. అక్క నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

"అయితే మొత్తం తోడెయ్యనా?"

"ఆపు. నువ్వన్నది నిజమైతే మళ్లీ తోడుకుంటాను. కాకపోతే తాత కట్టించిన గోడ మళ్లీ నువ్వు కడతావా?"

"ఆర్లో ఊరంతా డప్పు కొడతాడు."

"కొట్టనీ."

మెర్ల్ గొణుక్కుంటూ మోటారు ఆపాడు. అప్పటికే వెల్డా మెట్లెక్కి కుళాయి దగ్గరుంది.