గేటు తీసిన చెయ్యి

ఆల్డర్ పోర్టేజ్ ఊళ్ళో ఒడెట్ లావెర్డ్యూర్‌ని ఎరగని మనిషి లేడు. యాభై ఎనిమిదేళ్ళావిడ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నేలతో తగువున్నట్టు నడుస్తుంది. కాగితం మిల్లులో పందొమ్మిదేళ్ళు పనిచేసింది, అందులో ఏడేళ్ళు యూనియన్ తరఫున మాట్లాడింది. మిల్లు మూసిన రోజున యాజమాన్యం పంపిన పెద్దమనిషి గేటు ముందు నిలబడి "మీ సేవలకు కృతజ్ఞతలు" అని కాగితం చూసి చదువుతుంటే, "ఆ కాగితం చేసింది కూడా మేమేనయ్యా!" అని వెనక వరసలోంచి అరిచింది ఆవిడే.

మిల్లు పోయాక ఊరికి మిగిలింది లాగర్స్ జట్టు. జీతాలిచ్చి ఆడించే ఐస్ హాకీ జట్లలో అది కిందమెట్టుది. పై లీగుకి ఎక్కుదామని చూసే కుర్రాళ్ళు, అక్కణ్ణుంచి జారిపడ్డ ముప్పై దాటినవాళ్ళు అందులో ఆడతారు. బయట చలికి కారు తలుపులు బిగుసుకుపోయినా శుక్ర, శనివారాల్లో ఊరు ఊరంతా హాకీ ఆడే ఐస్ రింకులోనే ఉంటుంది. పని పోయిన మనుషులు ఇళ్ళల్లో గోడలకేసి చూస్తూ కూర్చోకుండా కాపాడింది ప్రభుత్వమూ కాదు, మిల్లు కంపెనీ ఇచ్చిన పరిహారమూ కాదు. ఆ మంచుగడ్డ మీద తిరిగే ఇరవైమంది. ఒడెట్ ఈ మాట ఎవరు అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

ఆ జట్టులో ఆవిడ పని స్కేట్లకు సాన పట్టడం, జెర్సీలకు పేర్లు కుట్టడం, తడిసిన సామానంతా ఉతికి ఆరబెట్టడం. స్కేటు కింది బ్లేడు అంచుని గోటి మీద ఇలా రాసి చూసి ఇది ఎవరిదో చెప్పేస్తుంది. ఒకడికి పదునెక్కువ కావాలి, ఇంకొకడికి పదునెక్కువైతే కాళ్ళు నొప్పి. ఇవన్నీ ఎక్కడా రాసుకోదు.

గేటు పని మాత్రం తర్వాత వచ్చిపడింది.

హాకీలో ఆట ఆగదు, ఆటగాళ్ళే మారుతుంటారు. ముప్పావు నిమిషం ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తి, బెంచీ దగ్గరకొచ్చి, ఇంకొకణ్ణి పంపి కూలబడతారు. బెంచీకి రెండు చివర్లా చిన్న గేట్లు. వెనక కాపుకాసే ఆటగాళ్ళది ఒక చివర. లోపలికొచ్చేవాడు చెక్క అంచుని అందుకునేంత దగ్గరకొచ్చాకే బయటికెళ్ళేవాడు మంచు మీద కాలు పెట్టాలి. తొందరపడితే మైదానంలో ఒక మనిషి ఎక్కువైపోతాడు. జట్టుకి శిక్ష పడుతుంది, రెండు నిమిషాలు ఒకడు తక్కువగా ఆడాలి. ఆ గేటు తీసే ముసలాయన రిటైరైతే, ఆయన చోట ఎవర్నీ పెట్టకుండా జట్టు యజమాని "ఒడెట్ ఉందిగా" అన్నాడు. సామాను పనికి రెండో మనిషి ఉండేవాడు, అతన్నీ తీసేశారు. ఇద్దరి పని, పైన గేటు పని, అన్నీ ఒక్కావిడ నెత్తిన.

"బెంచీ మీద ఆడమనిషేంటి?" అని ఊరి రేడియోకి ఫోన్లు చేశారు కొందరు. "మంచుగడ్డకి ఆడా మగా తెలీదు, మీకే తెలుస్తోంది" అని ఒడెట్ కూడా ఫోన్ చేసి చెప్పింది.

నవంబరులో ఒక రాత్రి పొరపాటు జరిగింది. ఒడెట్ జట్టుతో పాటు తొమ్మిది గంటలు బస్సులో వచ్చి, ముందు రోజు ఉతికినవి ఇంకా ఆరక, తెల్లవారుజామునుంచి నిలబడే ఉంది. ఆట ఇంకో నిమిషమే మిగిలింది, లాగర్స్ మూడు రెండుతో ముందున్నారు. ఆరో నంబరు ఆటగాడు బెంచీ వైపు తిరిగాడు. ఒడెట్ గేటు తీసి, పక్కన కాచుకున్న మాతుష్ భుజం మీద తట్టి "పో!" అంది. వాడు దూకాడు. ఆరో నంబరు వాడేమో దారిలో పక్, అదే వాళ్ళు కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ళ, ఎదురైతే దాని వెంట వెనక్కి మళ్ళాడు. ఈల మోగింది. మిగిలిన ఆ నిమిషంలోనే ఎదుటివాళ్ళు గోలు కొట్టి సమం చేశారు, అదనపు సమయంలో గెలిచారు. గెలిస్తే రెండు పాయింట్లు రావాల్సిన లాగర్స్‌కి, అదనపు సమయంలో ఓడినందుకు ఒకటే వచ్చింది.

"ఎవడు దూకింది?" కోచ్ రస్ మర్రో గదిలోకి రాగానే అరిచాడు.

ఒడెట్ నోరు తెరిచేలోగా మాతుష్ చెయ్యెత్తేశాడు. "నేనే కోచ్. తొందరపడ్డాను."

మాతుష్ హ్రివ్నాక్ స్లొవాకియావాడు. ఇరవయ్యేడేళ్ళు. పొడుగ్గా, నిదానంగా ఉంటాడు. వాళ్ళ భాషలో పెద్దావిడను పిలిచినట్టు ఒడెట్‌ని 'పానీ' అంటాడు. బట్టలు ఉతికే గదిలో వాణ్ణి నిలదీసింది ఆవిడ.

"ఎందుకురా అబద్ధం చెప్పావ్?"

"నన్నైతే వారం తిడతారు పానీ. మిమ్మల్నైతే, ఆడమనిషిని గేటు దగ్గర పెడితే ఇంతే అని పదేళ్ళు అంటారు."

"నా తప్పు నేను మోసుకోలేనా?"

"మీరిప్పటికే చాలా మోస్తున్నారు" అని చెమటబట్టలు నిండిన గంపని ఆవిడ చేతుల్లోంచి తీసుకున్నాడు.

యూనియన్‌లో ఏడేళ్ళు అందరి తరఫునా మాట్లాడిన మనిషి, తన విషయానికొచ్చేసరికి ఊరుకుంది. ఊరుకోవడం హాయిగా కూడా ఉంది. ఆ హాయే తర్వాత ముల్లై గుచ్చుకుంది. నవంబరులో ఒక్క పాయింటు ఎవరికి లెక్క?

మార్చిలో లెక్కకొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆఖరి ఆట. ప్లే ఆఫ్స్‌కి ఒక్క చోటు మిగిలింది. దానికోసం లాగర్స్, బ్రూల్ లేక్ జట్టు పోటీ. బ్రూల్ లేక్ రెండు పాయింట్లు ముందుంది. లాగర్స్ గెలిచి, వేరే ఊళ్ళో ఆడుతున్న బ్రూల్ లేక్ ఓడితే ఇద్దరూ సమానమవుతారు. సమానమైతే గెలుపులెక్కువున్న లాగర్స్‌దే చోటు. కానీ బ్రూల్ లేక్ అదనపు సమయం దాకా సాగదీసి ఓడితే, ఓడినందుకు కూడా వాళ్ళకి ఒక పాయింటొస్తుంది. అది చాలు వాళ్ళకి.

లాగర్స్ నాలుగు ఒకటితో గెలిచారు. గెలిచినా ఎవరూ కదల్లేదు. ఆటగాళ్ళు మంచు మీదే నిలబడి, జనం మెట్ల మీదే నిలబడి, పైనున్న స్కోరు బోర్డుకేసి చూస్తున్నారు. అవతలి ఊరి ఆటలో బ్రూల్ లేక్ ఒక గోలు వెనకబడి ఉంది. నాలుగు నిమిషాలు. రెండు. నలభై సెకన్లు ఉండగా బోర్డు మీద అంకె మారింది. సమం. అంటే అదనపు సమయం. అంటే ఒక పాయింటు. అంటే అయిపోయింది. అదనపు సమయంలో బ్రూల్ లేక్ ఓడినా, లాగర్స్ కంటే ఒక్క పాయింటు ముందే నిలిచింది.

గేటు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఒడెట్‌కి మాత్రం ఆ ఒక్క పాయింటు ఏ రాత్రి పోయిందో తెలుసు.

అప్పుడు పై వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒకళ్ళు, పదిమంది, రెండు వేలమంది. ఓడిపోయిన జట్టుని ఊరుకోబెట్టడానికి కొట్టే చప్పట్లు కావవి. ఈ చలికాలమంతా మాకు వెళ్ళడానికి ఒక చోటు ఇచ్చారు, అరవడానికి ఒక పేరు ఇచ్చారు అని చెప్పే చప్పట్లు. మిల్లు మూసిన రోజున కాగితం చూసి చదివిన ఆ కృతజ్ఞత ఎలా ఉండాలో ఒడెట్ ఆ రోజు విన్నది.

సీజను ఆఖర్న లాగర్స్‌కి ఒక ఆనవాయితీ ఉంది. ఆటగాళ్ళు మంచు మీదే ఒంటిమీది జెర్సీలు విప్పి, చీటీల్లో పేరొచ్చిన అభిమానులకి చేతికిస్తారు. ఆ చెమటతోనే, ఆ చిరుగుతోనే. దాన్ని ఉతక్కుండా గోడకి తగిలించుకునేవాళ్ళున్నారు. మాతుష్ జెర్సీకి టైర్ల దుకాణం డఫ్ పేరొచ్చింది. డఫ్ మంచు మీదకొచ్చాడు, మాతుష్ చాచిన జెర్సీ వైపు చూశాడు.

"ఎక్కువైన మనిషి చొక్కానా? నువ్వే ఉంచుకో. ఆ ఒక్క పాయింటు తెచ్చిస్తే తీసుకుంటా."

దగ్గరున్నవాళ్ళు నవ్వారు. మాతుష్ కూడా నవ్వబోయి, జెర్సీ మడిచి చంకలో పెట్టుకుని, చెమట బనీనుతో గేటు దగ్గరకొచ్చాడు. ఒడెట్ గేటు తీసింది. వాడు ఆవిడ మొహంలోకి చూడకుండా లోపలికెళ్ళాడు.

గంట తర్వాత నడవాలో కోచ్ రస్ ఎదురయ్యాడు. "ఒడెట్, మాతుష్ సామాను విడిగా సర్దండి. సోమవారం చెప్పేస్తాం వాడికి. వచ్చే ఏడు ఉంచుకోవడం లేదు. యజమానికి నవంబరు ఇంకా మంటగానే ఉంది."

ఆవిడ "ఊఁ" అంది. సానరాయి గదిలోకెళ్ళి, మాతుష్ స్కేట్లు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. మంచు నునుపు చేసే యంత్రం నడిపే టోయ్‌వో లోపలికి తొంగిచూశాడు. ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఒడెట్‌తో పాటు మిల్లులో పనిచేసినవాడు.

"ఏంటి, స్కేట్లకి లాలి పాడుతున్నావా?"

ఆవిడ మొత్తం చెప్పింది. టోయ్‌వో తలుపుకానుకుని తల గోక్కున్నాడు.

"ఇన్నాళ్ళూ నోట్లో పక్ పెట్టుకు తిరిగావన్నమాట. అందుకేనా ఈ ఏడు నీ తిట్లు తగ్గింది? ఒంట్లో బాలేదేమో అనుకున్నా."

"చెబితే నన్ను గేటు దగ్గర్నుంచి తీసేస్తారు."

"తీసేస్తారేమో."

"నా తర్వాత ఇంకో ఆడమనిషిని నిలబడనివ్వరు."

"నిలబడనివ్వరేమో. చెప్పకపోతే వాడు సోమవారం విమానమెక్కుతాడు. ఇందులో 'ఏమో' లేదు."

ఆ రాత్రి ఒడెట్ మాతుష్ జెర్సీ ఉతికింది. చిరిగిన మోచెయ్యి కుట్టింది.

ఆదివారం పొద్దున యూనియన్ హాల్లో సీజను ముగింపు ఫలహారం. పాన్‌కేకులు, ఉడికించిన చిక్కుడు గింజలు, మేపుల్ పాకం. ఊరివాళ్ళు వండుతారు, ఆటగాళ్ళు తింటారు. రస్ నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాక, ఒడెట్ లేచింది. మైకు తీసుకోలేదు. మిల్లు గేటు దగ్గర మాట్లాడిన గొంతు, దానికి మైకెందుకు?

"నవంబరులో మనం పోగొట్టుకున్న పాయింటు మాతుష్‌ది కాదు. గేటు తీసింది నేను. భుజం తట్టి పొమ్మన్నది నేను. వాడు నామీద పడనివ్వకుండా తనమీద వేసుకున్నాడు. నేను ఇన్ని నెలలు వేసుకోనిచ్చాను. మొదటిది పొరపాటు. రెండోది తప్పు. ఇద్దరి పని నాచేత చేయించారు, కళ్ళు మూతపడుతున్నాయి, అది నిజం. అది సాకు కాదు. కానీ నిజం. రాసుకోండి."

రస్ మాతుష్ వైపు తిరిగాడు. "అవునా?"

మాతుష్ నోట్లో పాన్‌కేకు మింగి, "లేదు కోచ్. పానీకి పెద్దతనం, ఏదో కలగన్నట్టున్నారు. నేనే దూకాను" అన్నాడు.

"ఇంకో అబద్ధమాడావంటే నీ స్కేట్లకి చచ్చినా సాన పట్టను!"

"అయితే పానీ చెప్పిందే నిజం" అన్నాడు మాతుష్ వెంటనే.

హాలు హాలంతా నవ్వింది. వెనకనుంచి టోయ్‌వో గొంతు: "ఒప్పుకోవడాలే అయితే, ఇన్నేళ్ళుగా రెండో మూల మంచు గతుకులుగా ఉందంటే అది నేనే!" మళ్ళీ నవ్వులు. అంతా నవ్వలేదు. "చెప్పానా, ఆడదాన్ని పెడితే" అని ఒక గొంతు గొణిగింది. అది విని పాకం వడ్డిస్తున్న మిల్లు ఆడవాళ్ళు ముగ్గురు అటువైపు తిరిగి చూశారు. ఆ గొంతు మళ్ళీ వినబడలేదు. ఆ బల్ల మీదికి పాకం కూడా వెళ్ళలేదు.

డఫ్ లేచి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. ఒడెట్ చేతిలో మడతపెట్టిన జెర్సీ చూశాడు. "అది... నిన్న నా పేరే వచ్చింది కదా."

"నిన్న నీది. ఇవాళ వాడిది. వాణ్ణడుగు."

డఫ్ మాతుష్ ముందు నిలబడ్డాడు. టైర్లమ్మే మనిషికి క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. "నోరు జారాను. ఇస్తావా?"

మాతుష్ ఒడెట్ వైపు చూశాడు. "ఇది పానీకి ఇచ్చేశాను" అన్నాడు. తర్వాత మెడలోని జట్టు మఫ్లర్ తీసి డఫ్ మెడలో వేశాడు. "ఇది ఉతకలేదు. గోడకి తగిలించుకో."

సోమవారం రస్ ఒడెట్‌ని పిలిచాడు. ముందు చాలాసేపు కోప్పడ్డాడు. ఆవిడ పడింది, పడవలసిందే అనుకుంది. ఆఖర్న, "మాతుష్ ఉంటాడు. ఇంకొకరి తప్పు నెలల తరబడి మోసి ఒక్క మాట జారనివాణ్ణి పంపేస్తే నాకంటే బుద్ధితక్కువవాడు ఉండడు. యజమానికి నేనే చెప్పాను" అన్నాడు.

"గేటు?"

"గేటు దగ్గర మీరే. కానీ సామానుకి రెండో మనిషిని ఇస్తేనే అని నేనే రాసిచ్చాను."

"నన్నడిగితే యూనియన్ భాషలో ఇంకా బాగా రాసేదాన్ని."

"తెలుసు, అందుకే అడగలేదు."

అక్టోబరులో కొత్త సీజను మొదలైంది. రెండో మనిషిగా మిల్లులో పనిచేసిన పాకం ఆడవాళ్ళలో ఒకావిడే వచ్చింది. సానరాయి గదిలో గోడ మీద మాతుష్ జెర్సీ వేలాడుతోంది, మోచేతి దగ్గర ఒడెట్ కుట్లతో. మొదటి ఆటలో ఆఖరి నిమిషం, లాగర్స్ ఒక గోలు ముందు. ఆరో నంబరు బెంచీ వైపు తిరిగాడు. గేటు పక్కన మాతుష్ లేచి నిలబడ్డాడు.

"పానీ?"

"ఆగు."

ఆరో నంబరు ఇంకా దగ్గరకొచ్చాడు. ఇంకా. జనం అరుస్తున్నారు. వాడి చేతి తొడుగు చెక్క అంచు మీద ఠప్పున పడింది.

"ఇప్పుడు పోరా నాయనా" అని ఒడెట్ గేటు తీసింది.